గూనిగుట్ట శిఖరం కిందికి దిగిన వైనం

గూనిగుట్ట ఎత్తెంత అని బండమీదిపేటలో ఎవరినైనా అడిగితే, ఏ సంవత్సరపు ఎత్తు కావాలని ఎదురు అడుగుతారు. ఇరవై నాలుగేళ్ళ కింద అది ఆరువందల పన్నెండు అడుగులు. పదేళ్ళ కింద నాలుగువందలు. కరోనా తగ్గిన ఏడు నూట డెబ్బై. ఏటా గుట్ట ఎక్కే సాహస దినం పోయిన ఏడు జరిగేనాటికి తొమ్మిది అడుగులు. వానకూ గాలికీ గుట్టలు అరగడానికి కోట్ల ఏళ్ళు పడుతుందని బడి పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు తీర్మానాల బలం తెలియదు.

గుట్ట ఇంత తొందరగా అరగడానికి కారణం జిల్లా యువ సాహస మండలి. అది పుట్టిననాడు అందులో ఇరవై ముగ్గురు సభ్యులు. అందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఉడుముల్లా బండలు పట్టుకుని పాకేవాళ్ళు. వాళ్ళలో ఓదెలు అనే అతను మరీ ఘనుడు. ఇరవై రెండు నిమిషాల్లో గుట్ట కొసకు చేరి, వెనక వచ్చేవాళ్ళ మీద చిన్న చిన్న గులకరాళ్ళు వేస్తూ నవ్వేవాడు. మండలి నిబంధనలు రాసింది కూడా అతనే, గుట్ట మీద, నిలబడి, తొందర తొందరగా.

పదకొండో నిబంధన: శిఖరం అనగా బృందము చేరుకొని జెండా పాతిన చోటు.

పన్నెండో నిబంధన: సాహసికులు శిఖరమును నలభై ఐదు నిమిషాలలో, మధ్యలో ఎక్కడా కూర్చొనకుండా చేరవలెను.

ఆ వయసులో మధ్యలో కూర్చోవడమంటే మధ్యలో పెళ్ళి చేసుకోవడం లాంటిది. ఎవరూ చేయరని తెలిసీ, నిబంధనల పేజీ నిండాలి కదా అని రాసిన మాట అది.

శిఖరం మొదటిసారి కదిలిననాడు ఓదెలుకు ముప్పై ఐదు. కొసకు ఇంకా డెబ్బై అడుగులుండగా ఒక బండ దగ్గర ఆగి, రెండు చేతులు నడుము మీద పెట్టుకుని రొప్పాడు. మాట్లాడగలిగాక, "ఈడికెల్లి సూస్తే ఊరంత మంచిగ కనబడుతున్నది. పైకి పోతే పొగమంచు," అన్నాడు. పొద్దున పదకొండు గంటలు, ఎండ మాడుస్తోంది. అందరూ పైకి చూశారు. అందరికీ పొగమంచు కనబడింది. జెండా అక్కడే పాతారు. పదకొండో నిబంధన ప్రకారం అదే శిఖరం.

ఆ తర్వాత ఏటేటా పొగమంచు కిందికి దిగుతూ వచ్చింది. ఒకరికి నడుము పట్టేసింది. ఒకరికి బీపీ. ఇంకొకరు చక్కెర జబ్బుకు మాత్రలు మింగుతూ, అవి సాహసికులకిచ్చే బలం బిళ్ళలని ఇంట్లోవాళ్ళను కూడా నమ్మించారు. కానీ మండలి సమావేశాల పుస్తకంలో వయసు అన్న మాట ఎక్కడ వెతికినా దొరకదు. "గత ఏడాదితో పోల్చగా గుట్ట ఏటవాలు పెరిగినందున" అనే ఉంటుంది. ఒక సభ్యుడికి మనవడు పుడితే, "మన యువ సభ్యునికి మనవడు కలిగిన శుభ సందర్భమున" అని అభినందన తీర్మానం చేశారు.

చివరికి పోయిన ఏడాది జెండా గుట్ట పాదాన, రాజవ్వ మిర్చి బజ్జీల బండి పక్కన ఉన్న గుండు మీదికి దిగింది. కారు నేరుగా వస్తుంది. నీడ ఉంది. ఇరవై ఇద్దరు సభ్యులు నిమిషన్నరలో శిఖరం చేరి, బజ్జీలు తిని, ఫోటో దిగారు. నూటికి నూరు శాతం శిఖర సాధన జరిగినందుకు పై కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

ఇరవై మూడో సభ్యురాలు స్వరూప. ఆమెకు నలభై ఆరేళ్ళు. బస్టాండు ఎదురుగా ఇస్త్రీ బండి. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. కుడి మోకాలు నొప్పి అని ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. నొప్పి ఉంది కాబట్టి మోకాలికి పట్టీ వేసుకునేది. ఆయాసంతో దమ్ము వస్తుంది కాబట్టి మెల్లగా ఎక్కేది. అలుపు వస్తుంది కాబట్టి కూర్చునేది. సీసాలో మజ్జిగ, చెంగులో నాలుగు పల్లిపట్టీలు పెట్టుకుని, దారిలో ఏడు చోట్ల కూర్చుని, మూడు గంటల్లో గుట్ట అసలు కొసకు చేరేది. ఇంత సులభమైన ఉపాయం మిగతా ఇరవై ఇద్దరికీ ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆమె పైకి పోవడానికి కారణముంది. కొసన బండలో వాళ్ళంతా కుర్రతనంలో దిగగొట్టిన ఇనుప కడియం ఒకటి ఉంది. దానికి తాడు కట్టి, నలభై అడుగుల నిలువుబండ మీది నుంచి బడి పిల్లలను దింపే శిబిరం ఏటా జరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పిల్లల తాడు పట్టేది స్వరూపే. ఇస్త్రీ పెట్టె మోసి మోసి ఆమె చేతులు పట్టుకారుల్లా ఉంటాయి. ఊళ్ళో తల్లులు బట్టలు వేయడానికి వచ్చినప్పుడు, "నువ్వుంటవని పంపుతున్న స్వరూపక్కా, లేకపోతే పంపనే పంపను," అని ఒక మాట అని పోతారు. ఆ మాట వాళ్ళు మర్చిపోతారు, ఆమె మర్చిపోదు.

ఈ ఏడు మండలికి కొత్తగా పర్యవేక్షకులు వచ్చారు. చక్రపాణి గారు. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు. గుట్టను కిటికీలోంచి చూశారు, ఫైలులో ఉన్నట్టే ఉందని తృప్తి పడ్డారు. రాగానే ఒక మంచి పని చేశారు. ఆ ఏటి శిఖర చేరిక పత్రం ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ పిల్లల తాడు ముట్టరాదని ఉత్తర్వు వేశారు. భద్రత దృష్ట్యా.

స్వరూప కాగితం కోసం వెళ్తే, ఆయన ఫైలు తెరిచి కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీరు శిఖరమున హాజరు కాలేదు."

"పోయిన సార్. కొసదాంక పోయిన."

"కొస వేరు, శిఖరం వేరు. మీరు శిఖరమును చేరి, అచ్చట ఆగక, దానిని దాటి ముందుకు వెళ్ళినట్లు రాజవ్వ గారి వాంగ్మూలం ఉన్నది. 'నమస్తే రాజవ్వా అనుకుంట పోయింది' అని వారు చెప్పియున్నారు. పైగా మధ్యలో ఏడు పర్యాయములు కూర్చున్నారు."

"మోకాలు నొచ్చింది, కూసున్న. కూసుంటె తగ్గింది, లేసి పోయిన. దాంట్ల తప్పేమున్నది సార్?"

"తప్పని నేను అనుట లేదు. నిబంధన అంటున్నది."

"సరే సార్, శిఖరం దాటి పోయిన్నంటున్నరు. శిఖరం మీద ఇంకేముంటది పోనీకి?"

చక్రపాణి గారి కలం ఆగింది. అది ఆయనకు ముందు తట్టని ప్రశ్న. ఫైలులో ఖాళీ ఉంటే ఆయనకు నచ్చదు. "మీ ప్రశ్నను దస్త్రమునకు ఎక్కిస్తున్నాను," అన్నారు. అడగకపోతే బాగుండేదని ఆమెకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

పదిహేను రోజుల తర్వాత వచ్చిన ఉత్తర్వులో, శిఖరమునకు పైన ఉన్నదంతయు ఆకాశముగా పరిగణించవలెనని ఉంది.

మర్నాడు మేకల ఐలయ్య తాత ఒక కాగితం పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చాడు. "గిది జర సదువు బిడ్డా. ఆఫీసోళ్ళు ఇచ్చిండ్రు."

స్వరూప ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి చదివింది. "మీ యొక్క పద్నాలుగు మేకలు పూర్వానుమతి లేకుండా ఆకాశమునందు సంచరించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

"అంటే?"

"నీ మేకలు ఎగురుతున్నయట తాతా."

ఐలయ్య తాత గుట్ట వైపు చూశాడు. సగం ఎత్తులో మేకలు ముళ్ళపొదలు మేస్తున్నాయి. "పొద్దుగాల నడుస్తనే ఉండెగదనే," అన్నాడు.

"సార్ లెక్కల ఎగురుతున్నయి."

తాత మేకలను ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. "ఎగిరితె ఎగిరినయి గాని, పాలు ఇస్తయా మల్ల?"

ఆయనకు సంజాయిషీ రాసిచ్చి, మేకలకు రెక్కలు లేవని కూడా కలిపి పంపింది. రెక్కలు లేవని పశువైద్యుని ధ్రువపత్రం జత చేయాలని తిరుగు టపాలో వచ్చింది. తాత ఆ కాగితాన్ని మేకకే పెట్టాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతే. కానీ బాలికల బడి శిబిరం సోమవారమని తేదీ వచ్చింది. ఎనిమిదో తరగతి, ఇరవై ఇద్దరు ఆడపిల్లలు. జాబితాలో పదహారో పేరు రుత్విక, స్వరూప బిడ్డ. జాబితా కింద తాడు పట్టువారు అని గీత గీసి, శ్రీ ఓదెలు, యువ సాహసికులు అని రాసి ఉంది.

స్వరూప విత్తనాల గోదాముకు నడిచింది. ఓదెలు అక్కడ సూపర్వైజరు. కుర్చీలో కుర్చీ ఆకారంలోనే ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కింది ఉడుము ఆ పొట్ట వెనక ఎక్కడో ఉండి ఉంటుంది.

"ఓదెలన్నా, సోమారం తాడు నువ్వు పడ్తున్నవట."

"ఔ చెల్లె. కాయితం నాకున్నది గద."

"నిలువుబండ మీదికి ఎక్కుతవా?"

ఓదెలు అటూ ఇటూ చూశాడు. "అది ఆకాశంల ఉన్నది. నేను పోవద్దు. శిఖరం కాడికెల్లే పడ్త. మిర్చి బండి కాడ కుర్చీ ఏపిస్తున్నరు."

"కింద కుర్చీల కూసోని, పైన దిగే పోరి తాడు పడ్తవా?"

"పొడుగు తాడు తెప్పిచ్చిండ్రు. పదిహేనువందల అడుగులు. పైకి పోయి, కడియంలకెల్లి మర్లి, పిల్ల నడుముకు వస్తది. ఇంకో కొస నా చేతిల ఉంటది."

"పిల్ల నీకు కనబడ్తదా?"

"ఫోనున్నది గద. పైకెల్లి టీచరమ్మ చెప్తది, నేను వదుల్త."

"ఆడ ఫోను సరిగ కలవదన్నా."

స్వరూప గోదాములో మూటలు కట్టే తాడు ముక్క ఒకటి తీసి అతని ఒళ్ళో వేసింది. "నడుం ముడి ఎయ్యి."

"గిప్పుడెందుకే?"

"ఎయ్యి."

అతను తాడును ఒకసారి అటు తిప్పాడు, ఒకసారి ఇటు తిప్పాడు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఏదో ముడి పడింది. స్వరూప కొస పట్టుకుని లాగింది. ముడి జర్రున జారి, తాడు తిన్నగా అయింది.

"మర్చిపోయిన," అన్నాడు ఓదెలు మెల్లగా. "ఆనాటికి చేతులకే యాదికొస్తది తియ్."

"రాకపోతే? నా బిడ్డ పదహారో నంబరన్నా."

"నేనేం చెయ్యాలె చెల్లె. చేతకాదంటే ఎందుకు చేతకాదని అడుగుతరు. వయసని చెప్పాలె. యువ అన్న పేరు తీసేస్తరు. ఇంట్ల, ఊళ్ళె, అందరి ముందల..." అని తాడు ముక్కను మళ్ళీ చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

అక్కణ్నుంచి ఆమె చక్రపాణి గారి దగ్గరికి పోయింది. ఆయన ఎంతో దయగా ఒక దారి చూపించారు. "గూనిగుట్ట శిఖరము రాజవ్వ మిర్చి బండి పక్కన కలదని మీరు ప్రమాణపత్రంపై సంతకం చేసినచో, మీకును పత్రం జారీ చేయుటకు అభ్యంతరం లేదు. శ్రీ ఓదెలు గారికి బదులుగా మీరే తాడు పట్టవచ్చును."

"ఏడికెల్లి సార్?"

"కుర్చీలో నుంచి."

ఆమె లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక ఆయన వెనక నుంచి, "సోమవారం సంయుక్త సంచాలకులు గారు తనిఖీకి వస్తున్నారు. మండలి జెండా ముడతలు లేకుండా ఉండవలెను. వెళుతూ తీసుకుపోండి," అన్నారు. ఏటా జెండా ఇస్త్రీ చేసేది కూడా స్వరూపే. ఆ పనికి పత్రం అక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నం బండి మీద పసుపు జెండా పరిచి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టె ఆనించింది. మనసు మనసులో లేదు. రుత్వికకు రేపు జ్వరమని చెప్పి బడి మాన్పించొచ్చు. తల్లి చెయ్యి పెడితే ఏ పిల్లకైనా నుదురు వేడిగానే ఉంటుంది. కానీ మిగతా ఇరవై ఒక్కమంది నుదుళ్ళ మీద ఎవరు చెయ్యి పెడతారు? వాళ్ళ యూనిఫారాలన్నీ ఆమె వెనకనే మడతపెట్టి ఉన్నాయి. ఒక్కో చొక్కా చూస్తే ఒక్కో పిల్ల, ఆ పిల్ల వెనక ఆ తల్లి, ఆ తల్లి అన్న మాట.

జెండా అంచు సరిచేస్తూ, నిబంధనల పుస్తకంలో ఇంకేదైనా దారి ఉందా అని మనసులోనే ఒక్కొక్క నంబరు చదువుకుంది. పదకొండు దగ్గర చెయ్యి ఆగింది. జెండా పాతిన చోటు. బట్ట కమురు వాసన వచ్చే ముందే పెట్టె ఎత్తింది.

సోమవారం పొద్దున ఏడింటికి బడి బస్సు మిర్చి బండి దగ్గర ఆగింది. ఆఫీసువాళ్ళు పదింటికి వస్తారు. స్వరూప మోకాలికి పట్టీ వేసుకుని, భుజాన నూటయాభై అడుగుల తన పాత తాడు వేసుకుని, వెదురు కర్రకు జెండా కట్టి నిలబడి ఉంది.

వెంట వచ్చిన టీచరమ్మ భయపడింది. "మీరు పైకి పోవడానికి అనుమతి ఉందా అక్కా? మండలివాళ్ళు శిఖరం దాటొద్దని రాశారు."

"దాటం టీచరమ్మా. శిఖరం దాంకనే పోతం."

అరగంట నడిచాక ఆమె మోకాలు చురుక్కుమంది. ఒక చదును బండ చూసి, వెదురు కర్ర పగులులో దించి, "పిల్లలూ, శిఖరం వచ్చింది. కూసోండి," అంది. ఇరవై ఇద్దరూ కూర్చున్నారు. నలభై ఐదు నిమిషాల లోపు చేరారు, మధ్యలో ఎవరూ కూర్చోలేదు. శిఖరం చేరాక కూర్చోకూడదని ఏ నిబంధనా లేదు. మజ్జిగ తాగి, జెండా పీకి, మళ్ళీ నడిచారు. మళ్ళీ ఒక శిఖరం వచ్చింది. పల్లిపట్టీలు తిన్నారు. మూడో శిఖరం మీద ఐలయ్య తాత మేకలు ఉన్నాయి. అవి ఆకాశం నుంచి ఆ క్షణానే నేల మీదికి దిగినట్టయింది, వాటికి ఆ సంగతి తెలియలేదు.

"ఇంక ఎన్ని శిఖరాలమ్మా?" అంది రుత్విక.

"నా మోకాలు ఎన్నంటే అన్ని."

ఏడో శిఖరం గుట్ట కొస. కడియాన్ని రెండు చేతులతో పట్టి ఊపి చూసి, రాతితో కొట్టి చూసి, తాడు వేసి ముడి బిగించింది. మొదటి పిల్లను దింపబోతుంటే ఫోను మోగింది. కొసన ఒక్కచోట మాత్రం ఒక గీత సిగ్నలు ఉంటుంది.

"స్వరూపా, నేను రాజవ్వను. ఈడ ఆగమాగమున్నది. పెద్ద సార్ వచ్చిండు. శిఖరమేదీ అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నదే చెప్పిన. పొద్దుగాలే పోయింది సార్, మా స్వరూప తీస్కపోయింది అన్న."

తర్వాత రాజవ్వ చెప్పినదాన్ని బట్టి, చక్రపాణి గారు జీపు మైకు అందుకున్నారు. ఆయన గొంతు గుట్ట పైదాకా వచ్చింది. "స్వరూప గారికి తెలియజేయునది ఏమనగా, మీ అధీనంలోనున్న శిఖరమును తక్షణమే కిందికి దించవలెను. శిఖరమును దించవలెను."

స్వరూప ఫోనులోకి, "పిల్లలను దించినంక శిఖరాన్ని దించుత అని చెప్పు రాజవ్వా. రెండూ ఒక్కసారి నాతోని కాదు," అంది.

కింద సంయుక్త సంచాలకులు గారు నిబంధనల పుస్తకం తెప్పించి చదివారు. చదవడమే పొరపాటైంది. జెండా పైన ఉంది కాబట్టి శిఖరం పైన ఉంది. శిఖరం పైన ఉంది కాబట్టి, నూటికి నూరు శాతం సాధించిన సభ్యులు ఇరవై ఇద్దరూ మిర్చి బండి దగ్గర ఎందుకున్నారు? శిఖరం మీద సభ్యులతో ఫోటో దిగకుండా ఆయన నివేదిక పూర్తి కాదు. ఆయన ఎక్కరు, ఎక్కవలసిన అవసరం ఆయన హోదాకు లేదు. ఫోటో కింది నుంచే తీస్తారు. సభ్యులు పైకి వెళ్ళి కనబడాలి.

యువ సాహసికులు బయల్దేరారు. మేకల బాటన మెల్లగా కదులుతున్న ఆ వరుస స్వరూపకు పైనుంచి కనబడుతూనే ఉంది. చిత్రం ఏమిటంటే, ఒక్కరూ కూర్చోవడం లేదు. చెట్టు పట్టుకుని నిలబడుతున్నారు. ఒకరి మీద ఒకరు వాలి నిలబడుతున్నారు. ఒకాయన బండ మీద పొట్ట ఆనించి, అది కూర్చోవడం కిందికి రాదని చుట్టుపక్కలవాళ్ళకు వివరిస్తున్నాడు.

పది మంది పిల్లలు దిగేసరికి ఓదెలు కొసకు ముప్పై అడుగుల కిందికి వచ్చాడు. మొహం ఇటుక రంగులో ఉంది. బండకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"ఓదెలన్నా, కూసో."

"కూసుంటే... రాసుకుంటరు."

"ఎవరు రాస్తరు? రాసేటాయన కింద కూసున్నడు."

ఓదెలు కళ్ళు తెరిచి కిందికి చూశాడు. దూరాన జీపు పక్కన చక్రపాణి గారు కుర్చీలో తెల్లటి చుక్కలా ఉన్నారు. తాడు పట్టడానికని వేసిన కుర్చీ అది. ఓదెలు మెల్లగా, గంగాళం దించుకున్నట్టు, తనను తాను బండ మీదికి దించుకున్నాడు. అతను కూర్చోవడం చూసి వెనకవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. గుట్టంతా ఒక్కసారిగా నిట్టూర్చినట్టయింది.

కాసేపటికి ఓదెలు అన్నాడు, "పదమూడేండ్లాయె. ఆనాడు నాకు దమ్మొచ్చింది చెల్లె. పొగమంచు లేకుండె."

"ఎరుకే అన్నా. నేను ఎనకనే ఉంటిని."

"మరి చెప్పకపోతివి?"

"కూసో అని ఆనాడే అన్న. నువ్వే నవ్వితివి."

పది నిమిషాలు కూర్చున్నాక దమ్ము తగ్గింది. లేచి ముప్పై అడుగులూ ఎక్కాడు. పైకి వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, తాడు పక్కన చతికిలబడి ఆమె చేతులనే చూస్తూ ఉండిపోయాడు. పదిహేనో పిల్ల దిగింది. "ఆ ముడి మల్లొకసారి ఎయ్యి, మెల్లగ," అన్నాడు. ఆమె మెల్లగా వేసి చూపించింది.

పదహారో నంబరు అంచు దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. స్వరూప నడుం పట్టీ లాగి చూసింది, కొక్కెం చూసింది, ముడి చూసింది, మళ్ళీ మొదటి నుంచి మూడూ చూసింది. మిగతా పిల్లలకు రెండుసార్లే చూసింది.

"అమ్మా, ఇంకెన్నిసార్లు చూస్తవ్."

"నోరు మూసుకోని దిగు."

పిల్ల తల అంచు కిందికి పోయింది. తాడు స్వరూప అరచేతుల్లోంచి మూరలు మూరలుగా, ఆమె ఎంత ఇస్తే అంత, ఇచ్చినప్పుడే, కదిలింది. కింది నుంచి "దిగిన్నమ్మా" అని వినబడ్డాకే ఆమె ఊపిరి వదిలింది. ఓదెలు కూడా అప్పుడే వదిలాడు.

ఆ రోజు ఇరవై ఇద్దరు పిల్లలూ దిగారు. ఇరవై ఇద్దరు సభ్యులూ కొసకు చేరారు, మూడు గంటల నలభై నిమిషాల్లో. కింది నుంచి తీసిన ఫోటోలో వాళ్ళు చీమల్లా ఉన్నా, లెక్క సరిపోయింది.

అయితే మూడు గంటల నలభై నిమిషాలు నలభై ఐదు నిమిషాలెలా అవుతాయన్నది చక్రపాణి గారి మీద పడింది. గుట్టను మళ్ళీ తగ్గించడానికి లేదు, ఫోటో ఉంది. అందుకని ఆయన గడియారం వైపు తిరిగారు. పదిహేను రోజులు శ్రమించి, పన్నెండో నిబంధనకు వివరణ జారీ చేశారు: సభ్యులు కూర్చున్న సమయము సమయముగా పరిగణింపబడదు.

చెట్టు పట్టుకున్నదీ, బండకు వాలినదీ కూడా కూర్చున్నట్టే రాసి లెక్క కట్టి చూస్తే అందరూ ముప్పై ఎనిమిది నిమిషాల్లోనే ఎక్కినట్టు తేలింది. అందరూ సంతోషించారు. కానీ ఉత్తర్వు ఒకసారి బయటికి వచ్చాక ఏ సమయానికి వర్తిస్తుంది, ఏ సమయానికి వర్తించదు అని చెప్పడం కష్టం. కూర్చున్న సమయం సమయం కానప్పుడు, కూర్చున్న ఏళ్ళు ఏళ్ళెలా అవుతాయని ఒక యువ సభ్యుడు అర్జీ పెట్టుకున్నాడు. న్యాయమైన ప్రశ్నే. సేవా పుస్తకాలు తిరగేశారు. విత్తనాల గోదాములో ఇరవై రెండేళ్ళు కుర్చీలో గడిపిన ఓదెలుకు ఇరవై ఆరేళ్ళని తేలింది. బ్యాంకులో కూర్చున్నతనికి ఇరవై అయిదు. చక్రపాణి గారికి ఇంకా ఉద్యోగం వచ్చే వయసే రాలేదని తేలడంతో, ఆయన ఫైలు మాత్రం పక్కన పెట్టారు. మండలి పేరులో యువ అన్న మాటకు ఇక ఏ బెంగా లేదు.

లెక్క ఒక్కచోట చిక్కుకుంది. స్వరూప ఇరవై నాలుగేళ్ళుగా ఇస్త్రీ బండి ముందు నిలబడే ఉంది. గుట్ట మీద కూర్చున్న గంటలన్నీ ఏరి తీసేసినా నలభై ఆరులోంచి పది రోజులు కూడా తగ్గలేదు. పాపం, మొత్తం మండలిలో ముసలితనం వైపు నడుస్తున్నది ఆమె ఒక్కతేనని సభ్యులు జాలిపడ్డారు. యువ మండలిలో ఇంత వయసు మనిషిని ఉంచుకోవడం బాగుండదని ఆమె పేరు కొట్టేయడానికి కాగితం కూడా సిద్ధమైంది.

సరిగ్గా అప్పుడే బడుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. శిబిరంలో ఆడపిల్లలను కుర్రవాళ్ళ చేతుల్లో పెడితే ఒప్పుకునేది లేదని, నలభై దాటిన పెద్దమనిషి లేనిదే ఒక్క పిల్లను కూడా పంపేది లేదని అందులో ఉంది. చక్రపాణి గారు సభ్యుల జాబితా ముందు పెట్టుకుని వయసుల గడి పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వేలుతో వెతికారు. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై నాలుగు, మళ్ళీ ఇరవై ఆరు.

అలా వెతికి వెతికి, జిల్లా మొత్తంలో పిల్లల తాడు పట్టుకునేంత వయసు వచ్చింది స్వరూప ఒక్కదానికేనని ఆయన లిఖితపూర్వకంగా ఒప్పుకోవలసి వచ్చింది.